క్షమించడం వేరు, హక్కు వదులుకోవడం వేరు



మార్కాపురం అనగానే పలక గుర్తొస్తుంది. ఆ క్వారీలను, పలకల ఫ్యాక్టరీలను నమ్ముకుని బ్రతికే కుటుంబాలు మనలోనూ ఎన్నో ఉన్నాయి. ఒక జుమా రోజు నమాజు తర్వాత ఓ యువకుడు కట్టు కట్టిన చేయి చూపించాడు. తోటి పనివాడు చూసుకోకుండా మిషన్ స్విచ్ వేయడంతో రెండు వేళ్లు పోయాయి. “హజ్రత్! అతను మా మొహల్లావాడే. పెద్దలు సబర్ చేయమంటున్నారు. యజమాని తెల్ల కాగితంపై సంతకం అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?” అన్నాడు.

సోదరులారా! సబర్ అంటే హక్కును పాతిపెట్టడం కాదు. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం పోయినా పరిహారం చెల్లించాలని సూరా నిసా 92వ ఆయత్ ఆదేశిస్తోంది. వారసులు తమంతట తాము వదిలేస్తే అది వేరే విషయం. అంటే ఉద్దేశం లేదు కాబట్టి హత్యా పాపం ఉండకపోవచ్చు, కాని నష్టం పూడ్చే బాధ్యత మిగిలే ఉంటుంది. గాయాలకు సైతం షరీఅత్ పరిహారం నిర్ణయించింది. అయితే పొరపాటు భారమంతా ఒక్క పేదవాడి నెత్తిన వేయలేదు. అతని బంధువర్గం దాన్ని పంచుకోవాలంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకే జీతాల పట్టీలో ఉన్నవారు ఆ బాధ్యత పంచుకునేలా ఏర్పాటు జరిగిందని హనఫీ ఫిఖ్హ్ చెబుతోంది.

మన దేశ చట్టం కూడా ఇలాంటి దారే చూపింది. పని చేస్తుండగా, ఆ పని కారణంగా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత యజమానిదేనని 1923 నాటి చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో 2020 సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. “తప్పు నాది కాదు, తోటి కూలీది” అని యజమాని తప్పించుకోలేడు. ఈఎస్ఐ ఉన్నవారికి ఆ పరిహారం ఈఎస్ఐ నుంచే అందుతుంది.

కనుక గాయపడినవారు ఆసుపత్రిలో ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో ఉన్నదున్నట్లు రాయించాలి. యజమానికి వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ అధికారిని కలవాలి. ఖాళీ కాగితంపై సంతకం చేయకూడదు. పారిశ్రామిక కార్మికులకు 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీని అడగండి.

కావాలని కొడితే సంగతి వేరు. అది నేరం. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. సొంత కక్షతో జరిగిన కొట్లాటకు యజమాని నుంచి పరిహారం రాకపోవచ్చు. ప్రాణాలకు ముప్పు తెచ్చే తీవ్ర నిర్లక్ష్యం కూడా భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హమే.

ఇక క్షమాపణ. గాయపడినవాడు క్షమిస్తే అది అతని పాపాలకు పరిహారమవుతుందని సూరా మాయిదా 45వ ఆయత్ శుభవార్త ఇస్తోంది. అయితే ఆ క్షమాపణ అతని మనసులోంచి రావాలి. పెద్దల ఒత్తిడితో పలికించేది క్షమాపణ ఎలా అవుతుంది? పీడితుడికీ, పీడకుడికీ సహాయం చేయమన్నారు దైవప్రవక్త (స). పీడకుడి చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమని వివరించారు.

ఆ యువకుడితో, “నీ సోదరుణ్ణి క్షమించు, నీ పిల్లల హక్కును వదలకు” అన్నాను. స్విచ్ వేసిన సోదరుణ్ణి కూడా పిలిచి మాట్లాడాను. కన్నీళ్లు పెట్టుకున్నాడు. జరిగింది జరిగినట్లు చెప్పడానికి సాక్షిగా తనే వెంట వెళ్లాడు. మసీదు పెద్దలు చేయించాల్సిన రాజీ ఇలాంటిది.

గాయపడినవారి హక్కు కాపాడే ధైర్యాన్ని, పొరబడినవారిని క్షమించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.