పావగడ ఇంటికి ఏ పిట్ట?

పావగడ తాలూకాలో పక్షిని పెంచుకోవాలనుకునేవారు ముందుగా ఇంట్లో మనిషి ఉండే వేళలు, వేసవి ఎండ లెక్క వేసుకోవాలి.

చేలమీద వాలే రామచిలుకను మాత్రం తలపెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. రెక్కలు కత్తిరించి ఏళ్లతరబడి ఇరుకు గూట్లో ఉంచడం ప్రేమెలా అవుతుంది?

బడ్జీల సంగతి వేరు. చాలామంది లవ్‌బర్డ్స్ అని పిలిచే ఈ చిన్న పిట్టల పుట్టిల్లు ఆస్ట్రేలియా మెట్టప్రాంతం. తరతరాలుగా పంజరాల్లోనే పెరుగుతున్నాయి. కొర్రలు ఒలుచుకు తింటాయి. పొట్టు గిన్నెలోనే మిగిలి నిండుగా కనిపిస్తుంది కాబట్టి రోజూ ఊది చూడాలి. గుంపు పక్షులు, ఒంటరిగా ఉంచకూడదు. ఎండాకాలం రేకుల కప్పు కింద వేలాడదీస్తే వడదెబ్బ తగులుతుంది.

పగలంతా తాళం పడే ఇళ్లవాళ్లు పెరట్లో మట్టి మూకుట్లో నీళ్లు పెడితే చాలు, పిచ్చుకలు, గోరింకలు వాటంతటవే వస్తాయి.