ఆత్మకు తగిలిన భయం
అమెరికాలో కాలిఫోర్నియా తోటల్లోనూ, ఫ్లోరిడా టమాటా చేలలోనూ పనిచేసే మెక్సికో, మధ్య అమెరికా వలస కూలీ స్త్రీలు తమ మనోవేదనను తరచుగా ‘నెర్వియోస్’ అని, అంటే దిగులు, వణుకు, తలనొప్పి కలగలిసి నరాలను పీడించే స్థితి అని, లేదా ‘సుస్తో’ అని, అంటే తీవ్రమైన భయంతో ఆత్మ శరీరాన్ని విడిచిపోగా మిగిలే నీరసమని చెప్పుకుంటారు. జడుసుకున్న బిడ్డకు తాయెత్తు కట్టించే తెలుగు పల్లెకు ఈ రెండో భావన వింతగా తోచదు. అమెరికన్ మనోవైద్య సంఘం 1994లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథపు నాలుగో కూర్పు వీటిని గుర్తించింది. చోటు మాత్రం చివర్లోని ఒక అనుబంధంలోనే దక్కింది.

తాత్త్విక ప్రశ్న ఇక్కడే పుడుతుంది: వ్యాధి ఆ స్త్రీ లోపలే ఉందా, లేక దేవునితో, ఊళ్లో విడిచివచ్చిన పిల్లలతో, పొలం యజమానితో ఆమెకున్న సంబంధాల్లో ఉందా? ప్రార్థనతో, మూలికలతో నయంచేసే ‘కురాందేరా’ కోడిగుడ్డుతో ఒళ్లంతా దిగదుడిచి ‘లింపియా’ అనే శుద్ధి జరిపేటప్పుడు మనసును దేహం నుంచి వేరుచేసి చూడదు. అయితే బాధను దైవేచ్ఛగా ఓర్చుకోవడమే ఈ కూలీల భక్తి సారమనుకోవడం తొందరపాటు. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం తన పరిధికి వెలుపల ఉంచిన వ్యవసాయ కూలీలు 1966లో కార్మిక నాయకుడు సీజర్ చావెజ్ వెంట తమ హక్కుల కోసం కాలిఫోర్నియాలోని డెలానో నుంచి శాక్రమెంటోకు, మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపమైన గ్వాడలూపే మాత పతాకాన్నే ముందు పట్టుకొని నడిచారు.