ఏలీయా వేసిన తప్పులెక్క



హైదరాబాదు నగరమున అమీరుపేటకును ఎఱ్ఱగడ్డకును సమీపమున బోరబండ యను పేట గలదు. ఒక ప్రక్క అమీరుపేటలో, జిల్లాలనుండి యుద్యోగార్థులై వచ్చిన యువజనులకు కంప్యూటరు విద్య గఱపు శిక్షణాలయములు వరుసలు దీరియున్నవి. మఱియొక ప్రక్క ఎఱ్ఱగడ్డలో ఛాతీవ్యాధులకొక సర్కారు ఆసుపత్రియు, మనోవ్యాధులకొక సర్కారు ఆసుపత్రియు నున్నవి. ఆశతో వచ్చువారి త్రోవకును, వ్యాధితో బోవువారి త్రోవకును నడుమ, కూలివారును చిన్న జీతగాండ్రును నివసించు పేట యిది. నిరాశనుగూర్చి ప్రసంగింపదలచిన మేము దూరదేశములకు బోవ నక్కఱలేదు.

జాతీయ నేరముల నమోదు సంస్థ ప్రకటించిన లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున మన దేశమున 1,70,924 మంది తమ ప్రాణములను దామే తీసికొనిరి. వారిలో నాలుగవ పాలునకు మించినవారు దినకూలిపై జీవించువారు. ఈ యంకెలను జదివి, నిట్టూర్చి, పత్రికను మడచిపెట్టుట మనకు సులభము. కాని యా యంకెలలో మన వీధివారును, మన యింట బనిచేయువారును, మన బిడ్డలును నుందురు.

ఈ విషయమున నేడు మేము క్రైస్తవ వేదమునుండి యొక కథను గ్రహించుచున్నాము. ఇందులకు మీలో నెవరును సంకోచింపరని మా నమ్మకము. రాజా రామమోహనరాయలు 1820లో క్రీస్తు నీతిబోధలను బ్రత్యేకముగా సంకలనము చేసి ప్రకటించెను. 1866లో కేశవచంద్రసేనుడు కలకత్తాలో క్రీస్తు ఆసియావాసి యని, మనవాడని యెలుగెత్తి చాటెను. సత్యము ఏ దేశమున బుట్టినను ఆకలిగొన్నవాని కది యన్నమే గదా!

పూర్వము ఇశ్రాయేలు దేశమున ఏలీయా యను ప్రవక్త యుండెను. కర్మెలు పర్వతముమీద ననేకుల యెదుట నొంటరిగా నిలిచి దైవమహిమను జాటినవాడు. అట్టి ధీరుడు, యెజెబెలు రాణి తన ప్రాణము దీయింతునని కబురంపగా, ఆ జయమువెంటనే ధైర్యము చెడి పాఱిపోయెను. బెయేర్షెబాలో దన సేవకుని విడిచి, అరణ్యమున నొక దినప్రయాణము నడచి, బదరీవృక్షము క్రింద గూలబడి, ఇక నన్ను దీసికొనుమని దేవుని వేడుకొనెను. నిరాశ బలహీనులకే వచ్చునని తలచువా రీ కథను జదువవలెను. మఱియొకటి గమనింపుడు. చావుకోరిక నోటికి రాకమునుపే యతడు సేవకుని విడిచెను. మొదట తోడు పోయినది. తరువాత ఆశ పోయినది.

అప్పుడు దేవుడేమి చేసెను? గద్దించెనా? విశ్వాసము చాలదని నిందించెనా? లేదు. దూత వచ్చి తట్టి లేపి తినుమనెను. నిప్పులమీద గాల్చిన రొట్టెయు, నీళ్ళకూజాయు తలదాపున నుండెను. ఏలీయా తిని, త్రాగి, మరల నిద్రించెను. రెండవమాఱును దూత యట్లే తట్టి లేపి తినుమనెను. తొలుత అన్నము, నిద్ర, ఉపదేశము తరువాత. మనమో, ఈ క్రమమును దలక్రిందు చేయుచున్నాము. దుఃఖితుని యింటికి బోయి, అతడు భుజించెనా లేదా యని యడుగక, వేదాంతము వల్లించి వచ్చుచున్నాము. ఈ యపరాధము మాచేతను జరిగినదని యొప్పుకొనుచున్నాము.

నలువది దినములు నడచి హోరేబు కొండగుహను జేరిన పిమ్మట, ఇక్కడికేల వచ్చితివని దేవు డతని నడిగెను. భక్తులందఱు నశించిరనియు, తానొక్కడే మిగిలెననియు ఏలీయా మొఱపెట్టెను. పెనుగాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని మండెను, వాని వెనుక మెల్లని స్వరము వినవచ్చెను. మరల నదే ప్రశ్న. మరల నదే జవాబు. అంతటి దర్శనము గలిగినను అతని మాట మాఱలేదు! ఇది మాకు మిక్కిలి యోదార్పు గలిగించుచున్నది. ఒక్క ప్రార్థనతో, ఒక్క ప్రసంగముతో మనస్సు తేలికపడలేదని యెవరును సిగ్గుపడ నక్కఱలేదు. అప్పుడు దేవు డతని లెక్కను దిద్దెను. మిగిలినది ఒక్కడు కాదు, ఏడువేలమంది యనెను. చేయుటకు బని నొప్పగించెను. ఎలీషా యను తోడు నిచ్చెను.

కాబట్టి నిరాశ యనగా నేమి? మా యభిప్రాయమున అది తప్పులెక్క. దుఃఖము నిజము, నష్టము నిజము, యెజెబెలు కత్తియు నిజమే. కాని 'నేనొక్కడనే' యనుటయు, 'ఇక నేమియు లేదు' అనుటయు నిజములు కావు. అవి రేపటి సాక్ష్యమును విచారింపక నేడే వ్రాసిన తీర్పులు. అట్టి తీర్పు వ్రాయు నధికారము మన కెవ్వ రిచ్చిరి?

మన తెలుగు క్రైస్తవులు 'మారుమనస్సు' అను నొక చక్కని మాటను వాడుదురు. పాపమునకై కన్నీరు గార్చుట యని మాత్రమే దాని కర్థము చెప్పుకొనుట వాడుక యైనది. కాని దానికి మూలమైన గ్రీకు పదమునకు మనస్సు మాఱుట, ఆలోచనయే మఱియొక త్రోవ బట్టుట యని యర్థము. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో, పండ్రెండవ యధ్యాయమున, మనస్సును నూతనము చేసికొనుడని ప్రబోధించుటయు నిదియే. శుక్రవారపు సాయంకాలమున క్రీస్తు శిష్యులును సర్వము ముగిసెనని లెక్క వేసిరి. ఆదివారపు టుదయమున ఆ లెక్కను దిద్దుకొనవలసివచ్చెనని క్రైస్తవుల విశ్వాసము. క్రీస్తే సిలువపై, నన్నేల విడిచితివని తండ్రి నడిగెను. దేవునితో మొఱపెట్టుకొనువాడు దేవుని విడిచినవాడు కాడు. ఆ మొఱయు బ్రార్థనయే.

తప్పులెక్క యనునది యలంకారము మాత్రమే కాదు. 2019 ఏప్రిలున తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు ప్రకటితమైనప్పుడు ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఆ ఫలితములలోనే తప్పులు దొరలెను. తెలుగు పరీక్షలో సున్న పొందితివని చెప్పబడిన యొక బాలికకు, తిరిగి చూడగా, తొంబదితొమ్మిది మార్కులు వచ్చియుండెను. అయినను మేము చెప్పదలచినది వేఱు. తిరిగి లెక్కించినను సున్నయే యుండిన బిడ్డ మాటయేమి? ఆ బిడ్డ విలువయు సున్నయేనా? మార్కులను దప్పుగా గూడినవారి నిందించుట న్యాయమే. బిడ్డను మార్కులతో గొలుచు మన తప్పును దిద్దువా రెవరు?

ఇక మన తెలుగువారిలో నొక మహనీయుని స్మరింతము. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు హైదరాబాదులో జదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో డాక్టరు విలియం మిల్లరు శిష్యులై, బ్రహ్మసమాజము నవలంబించిరి. యౌవనముననే భార్యను గోల్పోయి, మరల వివాహమాడక, శ్వేతవస్త్రధారులై జీవించిరి. ఆయన హృదయమున జరిగిన పోరాటమును మేము వర్ణింపజాలము. ఆయన చేసిన పని లోక మెఱిగినది. సికిందరాబాదు మహబూబు కళాశాలకును, 1904 నుండి కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును అధ్యక్షులై, పేద విద్యార్థులకును, అంటరానివారని త్రోయబడిన బాలురకును తండ్రియైరి. కాకినాడలో ననాథశరణాలయ స్థాపనకు బ్రేరకులైరి. తన యిల్లు శూన్యమైనదని లెక్క వేసికొని కూర్చుండక, ఇల్లులేని బిడ్డ లెందఱని లెక్క వేసిరి. ఏలీయాకు దేవు డొప్పగించిన పనియు నిట్టిదియే గదా.

విశ్వాసమున్నచో వైద్యుని పని లేదా యని కొందఱడుగుదురు. మనోవ్యాధియు వ్యాధియే. దేవుడు రొట్టెను దూతచేత బంపినట్లే, ఔషధమును వైద్యునిచేత బంపును. ఎఱ్ఱగడ్డ వైద్యశాల మెట్లెక్కుట అవిశ్వాసము కాదు, అపకీర్తియు గాదు. 2017 నాటి మానసికారోగ్య చట్టము, ప్రాణము తీసికొన యత్నించినవానిని తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగా నెంచి, వానికి సంరక్షణ మొసగుట ప్రభుత్వ ధర్మమని శాసించినది. 2022 నుండి ప్రభుత్వమువారి టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యతో రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును. చట్టమునకే యింత దయ యుండగా, భక్తులమనుకొను మనకు గొఱతయేల?

సోదరులారా! ఏలీయాకు దెలియని ఆ యేడువేలమంది యెక్కడ నుండిరి? తమ యిండ్లలో మౌనముగా నుండిరి. వారిలో నొక్కడైనను వచ్చి తలుపు దట్టి, నీ వొంటరివాడవు కావని చెప్పియున్నచో, ఆ ప్రవక్త యెడారిపాలు కాకపోవునేమో! ఈ ప్రశ్న మమ్ము బాధించుచున్నది. మిమ్మును బాధింపవలెనని కోరుచున్నాము. బోరబండ యద్దెగదిలో నేటి రాత్రి తానొక్కడనే యని తలచుచున్న యువకునకు మనమే యా యేడువేలమందిమి. ఈ వారము ప్రతివారును ఒక్క తలుపైన దట్టుడు. మొదట భోజనమైనదా యని యడుగుడు. తరువాత వినుడు. మాట యవసరమైనచో అప్పు డాడుడు.

ఓ దయామయా! మా తప్పులెక్కలను దిద్దుము. మాకు గనబడని నీ యేడువేలమందిని మాకు జూపుము. ఇతరులకు మమ్ము గనబడునట్లు చేయుము.

శాంతిః శాంతిః శాంతిః.