వంతు ఇవ్వని చోట మౌనం అంగీకారం కాదు



మన తీరంలో ఏ పల్లె మీటింగైనా చూడండి. గుడి ముందో, సముదాయ భవనంలోనో అందరూ చేరతారు. నలుగురైదుగురు మగవాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడతారు. ఆడవాళ్లు, కుర్రవాళ్లు, వెనక నిలబడ్డవాళ్లు వింటారు. చివర్లో ఒక పెద్దమనిషి "ఎవురూ ఏమీ అనలేదు గదా, అందరూ ఒప్పుకున్నట్టే" అని లేస్తాడు. నిజంగా ఒప్పుకున్నట్టేనా?

బుద్ధుని భిక్షు సంఘంలోనూ మౌనాన్ని అంగీకారంగానే తీసుకునేవారు. అయితే దానికి ముందు జరగాల్సింది చాలా ఉంది. తగినంత మంది హాజరు కావాలి. తీర్మానాన్ని అందరికీ వినపడేలా చెప్పాలి. ముఖ్యమైన విషయమైతే, ఒప్పుకోనివారు మాట్లాడమని మూడుసార్లు అడగాలి. ఆ తర్వాత ఉన్న మౌనమే అంగీకారం. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంఘాలనే గుర్తుచేశారు. కూర్చునే క్రమం, తీర్మానం, కోరం, ఓటు మన దేశానికి కొత్త కాదన్నారు.

సంఘంలో వరుస దీక్ష తీసుకున్న కాలాన్ని బట్టి ఉండేది, పుట్టుకను బట్టి కాదు. శాక్య రాకుమారులు తమ మంగలి ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇప్పించారు, తమ గర్వం అణగాలని. రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయం చెప్పింది ఆ ఉపాలే.

వరుస ఉంటే చాలా అంటే, చాలదు. పులికాట్ సరస్సు జాలర్లలో పాడు పద్ధతి ఉంది. ఎవరు ఏ రోజు ఏ చోట వల వెయ్యాలో వంతు ప్రకారం తేలుతుంది. బలమున్నవాడు మంచి చోటు పట్టేయకుండా పెద్దలు పెట్టిన న్యాయం అది. కానీ ఆ లెక్కలోకి వచ్చేది ఆ కులంలో పెళ్లయిన మగవాళ్లే. అందుకే వంతులు వేసే ముందు లెక్కలో ఎవరున్నారో అడగాలి.

మన జిల్లా దూబగుంటనే తీసుకోండి. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం గురించి మాట్లాడుతూ సారా గురించి మాట్లాడారు. 1992లో ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అంతకుముందు వాళ్లు నోరు మెదపలేదు కాబట్టి సారాకు ఒప్పుకున్నట్టేనని మీరు అనగలరా?

సమ్యక్ వాక్కు అంటే అబద్ధం, చాడీ, పరుషం, వ్యర్థ ప్రలాపం మానడమని మనకు తెలుసు. నా ఉద్దేశంలో ఇంకొకటి కూడా ఉంది. ఇవ్వనిది తీసుకోకూడదని రెండో శీలం. ఇతరుల వంతు కూడా మనకు ఇవ్వనిదే. అరగంట మనమే మాట్లాడితే ఎవరి అరగంట తీసుకున్నట్టు?

"అందరినీ అడిగితే తెల్లారిపోద్ది" అంటారు కొందరు. అందరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. "నేను చెప్పేదేమీ లేదు" అనడం కూడా వంతే. అడిగాక ఊరుకుంటే ఆ మౌనం వాళ్లది. అడగకముందు ఉన్న మౌనం మనం వాళ్ల మీద పెట్టింది.

ఈసారి మీ సంఘంలో, మీ పొదుపు గ్రూపులో, మీ ఇంట్లో కూడా, ఎప్పుడూ ఆఖర్న ఉండేవాళ్లను ముందు అడగండి. ఎక్కువ మాట్లాడే అలవాటున్నవాళ్లు చివర మాట్లాడండి. మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆగండి.