‘లేదు’ అన్న మాటకు ప్రమాణం: ఒక సూచికా సాధనం ఆధారంగా అభావజ్ఞాన విచారం

యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్ వ్యవస్థల్లో ‘అప్రపో’ అనే చిన్న కమాండు ఒకటి ఉంది. చేయవలసిన పని తెలిసి, ఆ పని చేసే కమాండు పేరు తెలియని వాడుకరికి అది దారి చూపుతుంది. కమాండు పేరు, దాని పక్కన ఒక మాట టైపు చేస్తే వ్యవస్థలోని మాన్యువల్ పుటల్లో ఆ మాటతో సంబంధం ఉన్నవాటి జాబితా తెరపైకి వస్తుంది. ఏమీ దొరకనప్పుడు వచ్చేది ఒకే వాక్యం: వెతికిన మాట, దాని వెంట ‘నథింగ్ అప్రోప్రియేట్’, అంటే ‘తగినదేదీ లేదు’. ఈ వాక్యానికి ఎంత ప్రామాణ్యం ఉంది? దాన్ని నమ్మి వెనుదిరిగినవారి పొరపాటుకు బాధ్యులెవరు? ఇవి పైకి సాంకేతిక ప్రశ్నలే. అయితే అభావం ఎలా తెలుస్తుందన్న విషయమై భారతీయ దార్శనికులు చిరకాలం వాదించుకున్నది కూడా ఇదే. పదసూచికలను, డిజిటల్ పాఠాలను ఆధారం చేసుకొని ‘ఈ ప్రయోగం ఈ కావ్యంలో లేదు’ అని రాసే సాహిత్య పరిశోధకునికి ఈ ప్రశ్న మరీ దగ్గరిది.

యూనిక్స్ మాన్యువల్ తొలి ముద్రణపై ఉన్న తేదీ 1971 నవంబరు 3. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన ఆ గ్రంథంలో ప్రతి కమాండుకూ ఒక పుట, ప్రతి పుట మొదట పేరు, ఒక్క వాక్యంలో వివరణ ఉంటాయి. కమాండులోని లోపాలను తామే చెప్పుకోవడానికి ‘బగ్స్’ అనే విభాగాన్ని కూడా వారు ఏర్పరచారు. సాంకేతిక రచనలో ఇంతటి నిజాయితీ అరుదు. తరువాతి ముద్రణల్లో శీర్షికలోని ప్రతి ముఖ్యపదాన్నీ అకారాదిలోకి తెచ్చే పరివర్తిత సూచిక చేరింది. 1950ల చివర ఐబీఎమ్‌లో హాన్స్ పీటర్ లూన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. అప్రపో ఆ అచ్చు సూచికకు వారసురాలు. మాన్యువల్ పుటలన్నిటి తొలి వాక్యాలను ‘మేక్‌వాటిజ్’ లేదా ‘మ్యాన్‌డీబీ’ అనే మరో కమాండు ముందుగానే ఏరి ఒక దత్తాంశ నిధిలో కూర్చిపెడుతుంది. అప్రపో వెతికేది ఆ నిధిలోనే, పుటల్లో కాదు.

అచ్చు సూచికకూ ఈ సాధనానికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. అచ్చు సూచికలో కోరిన మాట లేకపోయినా దాని ఇరుగుపొరుగు మాటలు కంటబడతాయి. సూచిక ఎంత విస్తృతమో, ఏ రకం మాటలను చేర్చుకుందో పాఠకునికి అంచనా దొరుకుతుంది. కమాండు ఇచ్చే శూన్యానికి ఇరుగుపొరుగు లేదు. అందువల్ల ఆ శూన్యం ఉన్నదానికన్నా నిశ్చయంగా వినిపిస్తుంది.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. ఫైళ్లలో కోరిన పాఠాన్ని వెతకడానికి యూనిక్స్ వాడుకరులు నిత్యం ఆశ్రయించేది ‘గ్రెప్’. గ్నూ సంస్థ గ్రెప్ మాన్యువల్ తొలి వాక్యం, ఇచ్చిన నమూనాకు సరిపోయే పంక్తులను ముద్రిస్తుంది అని మాత్రమే చెబుతుంది. వెతకడం అనే అర్థమున్న ‘సెర్చ్’ అన్న మాట అందులో లేదు. కనుక ‘సెర్చ్’ అని అడిగితే అప్రపో ఇతర పుటలెన్నిటినో చూపవచ్చు గాని, వెతుకులాటకే పుట్టిన గ్రెప్‌ను చూపదు. బీఎస్‌డీ శాఖలోని గ్రెప్ పుట మాత్రం తనను వెతికే సాధనంగానే చెప్పుకుంటుంది. అక్కడ అది దొరుకుతుంది. చెరిపివేతకు ‘డిలీట్’ అని అడిగినా ఇదే కథ: గ్నూ వ్యవస్థలో ‘ఆర్ఎమ్’ పుట ‘రిమూవ్’ అనే మాటను ఎంచుకుంది. ఒక్క వాక్యం రాసిన రచయిత తన పర్యాయపదంతో పాఠకులకు ఒక తలుపు తెరిచాడు, మరో తలుపు మూశాడు. ఆ సంగతి బహుశా అతనికే తెలియదు.

కుమారిలభట్టు అనుయాయులైన మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నేల మీద కుండ లేదన్న జ్ఞానం కుండ కనబడకపోవడం వల్లనే కలుగుతుందని వారి మతం. నైయాయికులు దీన్ని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకోరు. అభావం కూడా ప్రత్యక్షానికే గోచరమని, అనుపలబ్ధి అందుకు సహకారి మాత్రమేనని అంటారు. ఈ వివాదం ఎలా ఉన్నా ఒక నియమం విషయంలో ఉభయులకూ భేదం లేదు. కనబడకపోవడం యోగ్యమై ఉండాలి. అంటే, ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదని చెప్పగల పరిస్థితి ఉండాలి. ధర్మరాజాధ్వరీంద్రుని వేదాంతపరిభాషలో ఈ యోగ్యతా విచారం విపులంగా ఉంది. చీకటి గదిలో కుండ కనబడలేదన్నది నిజమే. కుండ లేదనడానికి మాత్రం అది చాలదు.

ఈ కొలతతో చూస్తే అప్రపో వాక్యం కనీసం మూడు వేర్వేరు స్థితులను ఒకే మాటలో కలిపివేస్తోంది. నిధిని అసలు నిర్మించి ఉండకపోవచ్చు. కొత్తగా స్థాపించిన వ్యవస్థల్లో ఇది తరచు జరిగేదే. నిధి పాతబడి ఉండవచ్చు. నిన్న చేరిన పుటను మ్యాన్ కమాండు నేరుగా తెరవగలదు, కాని సూచిక మళ్లీ తయారయ్యేదాకా అప్రపోకు అది లేనట్లే. లేదా నిధి సక్రమంగానే ఉండి, అడిగిన మాట ఏ తొలి వాక్యంలోనూ లేకపోవచ్చు. చివరి సందర్భంలో కూడా సిద్ధించే అభావం మాటకు సంబంధించినది, వస్తువుకు సంబంధించినది కాదు. ‘తగినదేదీ లేదు’ అన్నది వస్తువును గురించిన తీర్పు. ఆ తీర్పుకు కావలసిన యోగ్యత పై మూడు స్థితుల్లో దేనికీ లేదు.

యంత్రానికి వంచించే ఉద్దేశం లేదు గనుక దీన్ని అబద్ధమనరాదని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సరైనదే, అయితే అది బాధ్యతను తొలగించదు, స్థానం మారుస్తుంది. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు ఆప్తుని లక్షణంగా చెప్పింది సద్భావాన్ని కాదు, ఉన్నదున్నట్లు చెప్పడాన్ని. ఆ లక్షణం ప్రకారం తొలి వాక్యం రాసినవాడు, సూచికను నవీకరించవలసిన నిర్వాహకుడు, శూన్యానికి మాటలు కూర్చిన ప్రోగ్రామరు ముగ్గురూ తమ తమ మేరకు ఆప్తత్వానికి జవాబుదారులే. అప్రపో మాన్యువల్ తాను సంక్షిప్త వివరణలను మాత్రమే వెతుకుతానని దాచకుండా చెబుతుందన్న సమాధానం ఒకటుంది. కాని దారి తెలియక వచ్చినవానికి దారి చూపే సాధనం తన పరిమితిని మరో పుటలో చెప్పుకోవడం ఊరడింపు మాత్రమే.

పుటల పూర్తి పాఠాన్ని వెతకడం ఒక పరిష్కారం. నెట్‌బీఎస్‌డీ వ్యవస్థ ఆ పని చేసింది: పుటల పాఠమంతా ఎస్‌క్యూలైట్ నిధిలోకి చేర్చి, ఫలితాలను ప్రాధాన్య క్రమంలో పేర్చి ఇస్తుంది. శూన్యం తగ్గింది, దాని స్థానంలో ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం వచ్చింది. ఇరవయ్యో స్థానంలో ఉన్నదాన్ని చూసే ఓపిక ఎందరికుంటుంది?

తెలుగు పాఠాల విషయంలో సమస్య మరింత లోతైనది. పదాన్ని మూలరూపానికి తగ్గించే పోర్టర్ పద్ధతి 1980లో ఇంగ్లీషు ప్రత్యయాల కోసం పుట్టింది. మన సంధులు, ఆదేశాలు దానికి అందవు. ప్రాచీన పాఠంలో ‘వాఁడు గొట్టె’ అని ఉన్నచోట ‘కొట్టె’ అని వెతికినవానికి గసడదవాదేశం అడ్డు. ‘వాడు’ అని వెతికినవానికి అరసున్న అడ్డు. ‘వెరపు’ అని అడిగితే ‘వెఱపు’ రాదు. ‘ఏమి’ అన్న మాట ‘ఏమంటివి’లో అక్షరరూపంలో లేనే లేదు. ఇటువంటి శూన్యాన్ని చూసి ఒక పదానికి ఒక శతాబ్దిలో వాడుక లేదని, దాన్నిబట్టి ఒక కృతి అర్వాచీనమని నిర్ణయిస్తే, ఆ సిద్ధాంతం చీకటి గదిలో కుండను వెతకడమే అవుతుంది. చేతితో పదసూచికలు కూర్చిన పూర్వపరిశోధకులకు ఈ ప్రమాదం కొంత తక్కువ: సంధి విడదీసేది వారే గనుక ఎక్కడ సందేహించారో వారికి తెలుసు. నేటి అన్వేషకునికి ఆ సందేహాలు కనబడవు. కనుక ‘లేదు’ అని రాసేటప్పుడు ఏ పాఠాన్ని, ఏయే రూపాలతో, ఏ సాధనంతో వెతికారో వ్యాసంలో చెప్పడం మర్యాద కోసం కాదు. ఆ వాక్యానికి యోగ్యతను ఇచ్చేది అదే.

అప్రపో తయారీదారులకు ఈ భేదం తెలియనిది కాదు. మ్యాన్‌డీబీ రూపంలోని అప్రపో పని ముగించేటప్పుడు ఇతర ప్రోగ్రాముల కోసం ఒక సంఖ్యను వదిలిపెడుతుంది. నిర్వహణలో లోపం జరిగితే 2, ఫలితం శూన్యమైతే 16. ఆ 16కు మాన్యువల్ ఇచ్చే అర్థం ‘తగినది లేదు’ అని కాదు. అడిగిన లక్షణాలకు సరిపోయేదేదీ దొరకలేదు అని. యంత్రానికి ‘దొరకలేదు’ అని, మనిషికి ‘లేదు’ అని ఒకే సాధనం చెబుతోంది.