గోహన్ అంటే అన్నమే

హైదరాబాద్ తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలైన సంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అరబిక్, ఫ్రెంచ్, రష్యన్, జపనీస్ అక్కడ నేర్పుతారు.

జపనీస్ సంగతే చూడండి. ‘గోహన్ తబెమాషితా కా?’ అంటే ‘అన్నం తిన్నారా?’ అని. ముందు అన్నం, చివర తినడం, ఆ కొసన ప్రశ్న. వరుస అచ్చం మనదే! ఇంగ్లిష్‌లో ఈ వరుస తిరగేసుకోవాలి. పైగా గోహన్ అంటే వండిన అన్నం, భోజనం కూడా. మనకూ అంతే కదా!

కష్టమల్లా లిపితోనే. హిరగానా, కతకానా అనే రెండు లిపులూ వచ్చాక కాంజీ అనే మూడోది మొదలవుతుంది. నిత్య వాడుకకని జపాన్ ప్రభుత్వం ప్రకటించిన కాంజీలే 2,136. ఒక్కో అక్షరాన్నీ గళ్ల కాగితం మీద, గీతల వరుస తప్పకుండా, పదేపదే దిద్దాలి. చిన్నప్పుడు పలక మీద అఆలు దిద్దినట్టే.

నాకు బాగా నచ్చిన మాట మాత్రం ‘ఇతదకిమస్’. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు జపాన్‌లో చాలామంది చేతులు జోడించి అనే మాట. వినయంగా స్వీకరిస్తున్నానని దాని మూలార్థం. మన పెద్దలు భోంచేసి లేస్తూ ‘అన్నదాతా సుఖీభవ’ అంటారు. వాళ్లు ముందు, మనం తర్వాత. దండం మాత్రం ఆ అన్నానికే.