కొలిచేదాన్ని కొలిచేది ఏది?

హిందూపురంలోనైనా ధర్మవరంలోనైనా కరెంటు సామాన్ల దుకాణంలో రెండు మూడు వందల రూపాయలు పెడితే ఒక డిజిటల్ మల్టీమీటరు వస్తుంది. బోరు మోటారు స్టార్టరు దగ్గర్నుంచి మగ్గానికి బిగించిన చిన్న మోటారు దాకా, ఇన్వర్టరు బ్యాటరీ నుంచి టీవీ రిమోటు దాకా దేనిలో లోపముందో చెప్పేది అదే. అది పాడైతే పారేసి కొత్తది కొనుక్కునేవాళ్లే ఎక్కువ. ఓపిక ఉన్నవాళ్లు మాత్రం విప్పి బాగుచేసుకుంటారు. అసలు చిక్కు మూత బిగించాక మొదలవుతుంది. ఇతర వస్తువుల్లో తప్పొప్పులు తేల్చే పరికరాన్ని మనమే సరిచేశాం. ఇప్పుడది చూపించే అంకెను దేన్నిబట్టి నమ్మాలి? ఇంకో మీటరుతో సరిచూస్తే, ఆ మీటరును నమ్మేది దేన్నిబట్టి? ఈ ప్రశ్నను మన దార్శనికులు వందల ఏళ్లపాటు వాదించుకున్నారు. ప్రమాణానికి ప్రమాణం ఏది అన్నది వాళ్ల మాట. వేదాన్ని ఎందుకు నమ్మాలన్న ప్రశ్నకు కూడా వాళ్లు ఈ దారిలోనే జవాబు వెతికారు.

ముందు పరికరం సంగతి చూద్దాం. డీటీ 830 రకం మీటరు వెనక మూత తీస్తే 9 వోల్టుల బ్యాటరీ, 200 మిల్లీ ఆంపియర్ల గాజు ఫ్యూజు, తిరిగే స్విచ్చు కింద గుండ్రంగా రాగి గీతలు కనిపిస్తాయి. ఫ్యూజు కాలిపోవడం, ప్రోబు గుచ్చే సాకెట్టు దగ్గర సోల్డరు చీలడం, రాగి గీతల మీద మసి పేరుకోవడం, డిస్‌ప్లే కింది రబ్బరు పట్టీకి దుమ్ము పట్టి అంకెలు సగం సగం కనబడటం మామూలు జబ్బులు. ఇవి తమంతట తామే బయటపడతాయి కాబట్టి వీటితో పేచీ లేదు. పేచీ అంతా బతికుండి తప్పు చెప్పే మీటరుతోనే. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు ఇలాంటి మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంటాయి. పైగా లోపల చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పే ప్రీసెట్ ఒకటి ఉంటుంది. మీటరు తన కొలతలన్నీ పోల్చుకునే 100 మిల్లీ వోల్టుల ఆధారాన్ని నిలబెట్టేది అదే. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే వోల్టేజీ అంకెలన్నీ కలిసికట్టుగా పెరుగుతాయి, లేదా తగ్గుతాయి. అంటే మీటరు చేత మనకు నచ్చిన అంకె పలికించవచ్చు. అంకె కనిపించినంత మాత్రాన అది జ్ఞానం కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

వస్తువులను ప్రమాణాలు స్థాపిస్తే, ఆ ప్రమాణాలను స్థాపించేది ఏదని బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో నిలదీశాడు. ఇంకో ప్రమాణం కావాలంటే ఆ వరసకు అంతు ఉండదు. అక్కర్లేదంటే మొదటి నియమమే కూలుతుంది. గౌతముడి న్యాయసూత్రాలు దీనికిచ్చే జవాబుల్లో ఒకటి త్రాసు. త్రాసు బంగారాన్ని తూస్తుంది. త్రాసు మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారంతో దాన్నే పరీక్షిస్తాం. అప్పటిదాకా ప్రమాణంగా ఉన్నది ప్రమేయం, అంటే కొలతకు గురయ్యేది, అవుతుంది; ప్రమేయం ప్రమాణమవుతుంది. ఏ వస్తువూ పుట్టుకతో ప్రమాణం కాదు, అది సందర్భాన్నిబట్టి వచ్చే పదవి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో రైతు గూళ్లు తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర కావాల్సి రావడంలో ఉన్న నీతి ఇదే. కొలిచేది కొలతకు అతీతం కాకూడదు.

దీనికి మీమాంసకుల, అంటే వేదవాక్యాలను విచారించే దర్శనంవాళ్ల, ఆక్షేపణ గట్టిది. జ్ఞానం స్వతఃప్రమాణమని వాళ్ల సిద్ధాంతం. పుట్టిన జ్ఞానాన్ని, అది తప్పని తేల్చే బాధకం కనబడేదాకా నిజమనే తీసుకోవాలి. లేదంటే పరీక్ష అనేదే మొదలుకాదు, ఎందుకంటే పరీక్ష ఫలితాన్ని చూసే కన్నును కూడా ముందు నమ్మాలి కదా. ఈ మాట కాదనలేం. సరిచేసిన మీటరును పరీక్షించేవాడు డిస్‌ప్లే మీద అంకెను తాను సరిగానే చదివానన్న నమ్మకంతోనే మొదలుపెడతాడు. కానీ కుమారిల భట్టు కూడా అనుమానానికి కారణం ఉన్నచోట మరోసారి చూడమన్నాడు. మూడు నాలుగు జ్ఞానాల తర్వాత ఇంకా వెతకనక్కర్లేదన్నాడు. విప్పి బిగించిన మీటరు విషయంలో అనుమానానికి కారణం స్పష్టంగానే ఉంది. కాబట్టి మొదలు నమ్మకంతో కావచ్చు, నిలవడం మాత్రం పరీక్షతోనే. ఇక్కడ మీమాంసకుడికీ, న్యాయసూత్రాల దారిన నడిచే నైయాయికుడికీ ఆచరణలో పెద్ద దూరం లేదు.

మరి సాక్షులందరూ కలిసి తప్పు చెబితే? ఒకే కంపెనీవి, ఒకే చిప్పువి రెండు మీటర్లు ఒకే అంకె చూపిస్తే అది రెండు సాక్ష్యాల కింద లెక్కకు రాదు. కిలోగ్రాము కథ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. 1889 నుంచి 2019 మే 20 దాకా ప్రపంచానికి కిలో అంటే పారిస్ శివార్లలో దాచిన ఒక ప్లాటినం-ఇరిడియం దిమ్మె. దానికీ దాని నకళ్లకీ మధ్య దాదాపు వందేళ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. అసలు దిమ్మె తగ్గిందా, నకళ్లు పెరిగాయా అని తేల్చే దారే లేకపోయింది, నిర్వచనం ప్రకారం అది ఎప్పుడూ సరిగ్గా ఒక కిలోనే కనుక! ప్రశ్నించడానికి వీల్లేని ప్రమాణం తన తప్పును తానే తెలుసుకోలేదు. అందుకే సాక్షులు వేరు వేరు జాతులవి కావాలి. కొత్త పెన్సిల్ సెల్లు 1.5 నుంచి 1.6 వోల్టులు చూపాలి, అది రసాయనం చెప్పే సాక్ష్యం. మామూలు సిలికాన్ డయోడు, మీటరులోని డయోడు స్కేలులో 0.6 వోల్టుల చుట్టుపక్కల చూపాలి, అది పదార్థ స్వభావం. రెసిస్టరు మీది రంగు పట్టీలు తయారీదారు మాట. ధర్మవరం చీరలో పట్టును పోల్చే పద్ధతీ ఇలాంటిదే. పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద చిదిమితే పొడి కావాలి, ముద్దగా కరగకూడదు. దాంతోపాటు నేసినవాడి మాట ఉండాలి. ఒకదానితో ఒకటి కూడబలుక్కోలేని సాక్షులు ఒక్క మాట మీదికి వస్తే ఆ మాటకు బలం.

ఇక వేదం దగ్గరికి వద్దాం. మంత్రమూ ఆయుర్వేదమూ కళ్లెదుట ఫలిస్తున్నాయి కనుక, వాటిని చెప్పిన ఆప్తుల, అంటే నమ్మదగినవాళ్ల, మాట కనబడని విషయాల్లోనూ ప్రమాణమేనని న్యాయసూత్రం అంటుంది. అంటే దృష్టంలో పరీక్షించి, అదృష్టంలో నమ్మమని. నా విభేదం ఇక్కడే. డీసీ 20 వోల్టుల స్కేలులో సరిచూసిన మీటరు ఏసీ స్కేలులో కూడా సరిగా ఉంటుందని చెప్పలేం. ఏసీ దారిలో అదనంగా ఒక డయోడు ఉంది, అది పోయి ఉండవచ్చు. పరీక్ష ఎంతవరకు సాగిందో ప్రామాణ్యమూ అంతవరకే. లేపాక్షి ఆలయంలో వేలాడే స్తంభం కింద నుంచి యాత్రికులు బట్ట లాగి చూస్తారు. బట్ట దూరిన చోట సందు ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. స్తంభం అన్ని వైపులా గాలిలోనే ఉందా, బరువును మోసేది ఏది అన్నవి బట్టను ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు దొరికిందనుకోవడమే పొరపాటు.

అలాగైతే విశ్వాసానికి చోటే లేదా అని భక్తులు అడగవచ్చు. ఉంది. పరీక్ష దాటిన మేరను విశ్వాసం అనే పిలవమంటున్నాను, అబద్ధమని అనడం లేదు. వైద్యం తెలిసిన గురువు పరలోకం గురించి చెబితే ఆ మాటను ప్రేమతో, గౌరవంతో స్వీకరించవచ్చు. మందు పనిచేసింది కనుక అదీ రుజువైందని మాత్రం అనకూడదు. ఇంటిదగ్గర ఇంత తతంగమెందుకు, నిపుణులకు వదిలేయరాదా అన్నది ఇంకో ఆక్షేపణ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు తయారయ్యే స్థాయి పరిశ్రమకు ధ్రువపత్రమున్న కొలతలు తప్పవు. ఒక పరికరాన్ని దానికన్నా మెరుగైనదానితో సరిచూస్తూ పోయే ఆ గొలుసు మన దేశంలో చివరికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దగ్గర ఆగుతుంది. కానీ ఆ ధ్రువపత్రం మీద కూడా ఏ స్కేలు, ఎంత తేడా, ఏ తేదీ అన్నవి రాసి ఉంటాయి. నిపుణుడు కూడా హద్దు చెప్పే నమ్మమంటాడు.

కాబట్టి మీటరు బాగుచేసుకున్నవారికి ఒక మనవి. ఏ స్కేలును, దేనితో, ఎప్పుడు సరిచూశారో చీటీ రాసి దాని వెనక అంటించండి. సరిచూడని స్కేలును వాడకండి. సెల్లు విషయంలో తప్పు చెబితే పోయేది సెల్లే, 230 వోల్టుల తీగ మీద సున్నా అని తప్పు చెబితే పోయేది ప్రాణం. చవక మీటరును, అందులోనూ ఇంట్లో విప్పిన దాన్ని, మెయిన్స్ పనికి వాడకపోవడమే మంచిది. ఏ మీటరుతో చూసినా ముందు కరెంటు ఉందని తెలిసిన చోట చూసి, తర్వాత పనిచేయబోయే తీగ మీద చూసి, మళ్లీ మొదటి చోటే చూడండి. మూడోసారి కూడా మీటరు సరిగా పలికితేనే మధ్యలో కనబడిన సున్నాను నమ్మండి.